మహానంది రెడ్డి బురుజు, నాగలక్ష్మమ్మ పసుపు

కడప నుంచి మైదుకూరు పోయే రోడ్డులో ఖాజీపేట దాటిన తర్వాత కుడిచేతి వైపు ఒక ఎర్రమట్టి బండిదారి చీలుతుంది. దాని వెంట పోతే రాళ్ళకుంట వస్తుంది. రాకపోయినా ఎవరూ ఆశ్చర్యపోరు. బస్సు అక్కడ ఆగదు. ఆగినా దిగేవాడుండడు. కాలువ నీళ్ళు కూడా పై ఊళ్ళన్నిటి మర్యాదలూ అందుకుని, ఓపిక మిగిలితే చివరగా ఆ ఊరికి వచ్చేవి. అటువంటి ఊళ్ళో పుట్టి, ఆ ఊరు భూమ్మీద ఉన్నదన్న సంగతిని లోకం చేత ఒప్పించడానికి నడుం కట్టిన మహానుభావుడు మహానంది రెడ్డి.

ఆయన మామూలు రైతు. కాలువ కింద కొంత పసుపు, గట్టున కొంత జొన్న, ఎద్దులు, చవుడు పోసిన మట్టి మిద్దె, నాగలక్ష్మమ్మ అనే భార్య, ఒక మీసం. వీటిలో ఆయన శ్రద్ధగా సాకింది మీసాన్నే. ఎద్దులకు ఒక పూట మేత ఆలస్యమైనా అవుతుంది గానీ మీసానికి ఆముదం ఆలస్యమయ్యేది కాదు. దాని కొసలు రెండూ చెంపల మీదికి ఎగబాకి, చెవులతో ఏవో రహస్య మంతనాలాడుతున్నట్టుండేవి. కోపం వచ్చినప్పుడు ఆయన కుడి కొసను, సంతోషం వచ్చినప్పుడు ఎడమ కొసను మెలేసేవాడు. రెండూ ఒకేసారి మెలేస్తే ఇంట్లో వాళ్ళు పనులు చక్కబెట్టుకుని దొడ్లోకి పోయేవాళ్ళు.

ఈ మీసం ప్రమాదంలో పడిన వైనం చెప్పాలంటే కర్నూలు నుంచి మొదలుపెట్టాలి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మహానంది రెడ్డి కాలువ నీళ్ళ అర్జీ పట్టుకుని అక్కడికి పోయాడు. అప్పట్లో ప్రభుత్వం సగం గుడారాల్లో కాపురముండేది. ఒక గుడారంలో ఒక గుమాస్తా ఆయన అర్జీ చదివి, గుడ్డకు వేలాడేసిన జిల్లా పటం ముందు నిలబడి, బెత్తంతో శానాసేపు గాలించాడు.

"రాళ్ళకుంట అనే ఊరు ఇందులో లేదే," అన్నాడు.

"ఉండాది సామీ. మొన్న పొద్దున ఆడ్నించే బయల్దేరినా," అన్నాడు మహానంది రెడ్డి.

"పటంలో లేదయ్యా."

"నేనుండా గదా సామీ ఈడ?"

గుమాస్తా ఆయన్ను పైనుంచి కిందికి చూసి, పటాన్ని ఇంకోసారి చూసి, రెండింటిలో పటాన్నే నమ్మాడు.

బయటికి వచ్చిన మహానంది రెడ్డి కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు పోయాడు. అవి కొండారెడ్డి బురుజు ముందు ఆగాయి. తలెత్తి చూశాడు. ఇంకా ఎత్తాడు. తలపాగా జారి వెనక్కి పడింది. దాన్ని తీసుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా అట్లాగే నిలబడిపోయాడు. ఈ బురుజు పటంలో ఉందా లేదా అని ఎవడూ అడగడు. దాన్ని చూడనివాడు గుడ్డివాడనిపించుకుంటాడు. ఆ రెడ్డి పేరు దానికి ఎందుకొచ్చిందని అక్కడ జొన్నరొట్టెలమ్మే ఆమెను అడిగితే, ఆయన్ను అందులో ఖైదు పెట్టారని చెప్పింది. మహానంది రెడ్డికి ఆ వివరం అంతగా పట్టలేదు. లోపల ఉన్నాడా బయట ఉన్నాడా అన్నది చిన్న విషయం. పేరు నిలిచింది.

మరికొంత కాలానికి రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు, గుమాస్తాలు, పటాలు అన్నీ బళ్ళకెత్తుకుని పోయారు. బురుజును మాత్రం ఎవడూ కదిలించలేకపోయాడు. రాజ్యం కంటే బురుజు గట్టిదని మహానంది రెడ్డికి అప్పుడు తేలిపోయింది. చరిత్ర చదివినవాళ్ళు కూడా కొందరు అంత సూటిగా ఆ సంగతి చెప్పలేరు.

ఆ తర్వాత సంవత్సరం రష్యావాళ్ళు ఆకాశంలోకి ఒక ఉత్త చంద్రుణ్ణి, దాని వెనకనే కుక్కను ఎక్కించిన ఇంకో చంద్రుణ్ణి వదిలారు. రాళ్ళకుంటకు పత్రిక ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. బడి వసారాలో శ్రీనివాసులు అయివారు దాన్ని పైకి చదివేవాడు. ఊరి మగవాళ్ళు కింద కూర్చుని వినేవాళ్ళు. ఆ పొద్దున కుక్క సంగతి విని అందరూ కాసేపు ఆకాశం వైపు చూశారు. కుక్క కనపడలేదు.

"అయివారూ, ఆ కుక్క కిందికి చూస్తే దానికేం కనపడతాది?" అని ఒకాయన అడిగాడు.

అయివారు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "చంద్రుడి మీద నిలబడి చూస్తే, మనుషులు కట్టిన వాటిల్లో చీనాదేశపు గోడ ఒక్కటే కనపడతాదని ఎక్కడో చదివినా," అన్నాడు.

చంద్రుడి మీదికి పోయి, నిలబడి, కిందికి చూసి, ఆ సంగతి రాసి పంపినవాడు అప్పటికి ఎవడూ లేడు. ఆ లోటు ఎవరికీ అడ్డం రాలేదు. కనపడుతుందన్న మాటలోనే ఒక గొప్ప ఉంది. అంతమంది మనుషులు చచ్చి బతికి కట్టిన గోడను చంద్రుడంతటివాడు గుర్తిస్తున్నాడు.

వెంటనే మన దేశం తరఫున అభ్యర్థులు బయల్దేరారు. ఒకాయన గండికోటను నిలబెట్టాడు. శివరాత్రికి నడిచి పోయి వచ్చిన ఇంకొకాయన శ్రీశైలం గుడి ప్రాకారాన్ని నిలబెట్టాడు. తుంగభద్ర డ్యాము చూసొచ్చినవాడు డ్యాము కంటే తక్కువకు ఒప్పుకోలేదు. మహానంది రెడ్డి లేచి నిలబడి ఎడమ మీసం మెలేశాడు.

"కొండారెడ్డి బురుజు కనపడతాది. నేను చూసినా. తలెత్తితే తలపాగా పడింది."

"బావా, నీ తలపాగా పడితే కుక్కకెట్ల కనపడతాది?" అన్నాడు పుల్లయ్య. వసారా గొల్లుమంది.

పుల్లయ్య నాగలక్ష్మమ్మ తమ్ముడు. మైదుకూరులో పసుపు వ్యాపారం. పంట చూడటానికని వచ్చి, బావను ఆటపట్టించి పోవడం ఆయనకు వ్యాపారం కంటే లాభసాటి పని. బావను వదలకుండా ఇంకో మాటన్నాడు: "వాండ్ల బురుజుల సంగతెందుకు బావా? మన ఊరు ఖాజీపేటోనికే కనపడదు. నీళ్ళొదిలే లస్కరుకే కనపడదు."

గుడారంలో గుమాస్తా బెత్తం మహానంది రెడ్డి కళ్ళ ముందు ఆడింది. ఆయన రెండు చేతులూ మీసం మీదికి పోయాయి.

"నేనే కడతా! మా ఇంటి పడమటి మూల బురుజు లేపుతా. ఆకాశం నించి చూసినోనికి ముందు రాళ్ళకుంట కనపడాల, తర్వాతే ఏ గోడైనా. కనపడకుంటే ఈ మీసం సుంకన్న కత్తికిచ్చేస్తా!"

మంగలి సుంకన్న అక్కడే ఉన్నాడు. తన పేరు వినపడగానే భయపడి లేచి నిలబడ్డాడు. రాయలసీమలో మీసం మీద పడిన మాట వెనక్కి రాదు. అది అందరికీ తెలుసు. పందెం తేల్చవలసిన సాక్షి ఆకాశంలో తిరుగుతున్న కుక్క ఒక్కటేనన్న సంగతి కూడా అందరికీ తెలుసు. కాబట్టి మహానంది రెడ్డి ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాడు.

బురుజు పని బేల్దారి దాసన్నకు పడింది. బండ్ల మీద బండ్లు గుట్టరాళ్ళు వచ్చి కళ్లంలో పడ్డాయి. పంట నూర్చుకునే ఆ కళ్లంలోనే సున్నపు గుంత తవ్వారు. సున్నం నూరే గానుగ తిరిగింది. మహానంది రెడ్డి సేద్యం ఎద్దులకు, కూలీలకు వదిలేసి, దాసన్న ఎక్కిన ప్రతి పరంజా కింద నిలబడి మెడ నొప్పి తెచ్చుకున్నాడు.

మూడో అంతస్తు లేచినాక దాసన్న ఒక మాటన్నాడు. "రెడ్డీ, సున్నం కొడితే తెల్లగా కొంగ మాదిరి కనపడతాది."

మహానంది రెడ్డి మొహం మాడ్చుకున్నాడు. "కొండారెడ్డి బురుజుకు సున్నముండాదా? రాయి రాయి మాదిరే ఉండాల. సున్నం కొడితే దాని పౌరుషమేంగాను?"

"నీ ఇష్టం," అన్నాడు దాసన్న. ఆయన చాలామంది రెడ్ల పౌరుషాల కింద పని చేసినవాడు.

అట్లా బురుజు గుట్టరాతి రంగులో, గుట్ట రంగు నేల మీద, మహా పౌరుషంగా నిలబడింది. ఖాజీపేట నుంచి సంతకు పోయేవాళ్ళు ఆగి చూశారు. కింది నుంచి చూస్తే అది నిజంగానే గొప్పగా ఉండేది. తలెత్తితే తలపాగా పడేది. మహానంది రెడ్డి దానికి సాక్ష్యంగా రోజుకొకసారి పడేసుకునేవాడు.

ఇంతలో పసుపు తవ్వకాలొచ్చాయి. పెద్ద పెద్ద కడాయిల్లో కొమ్ములు వండారు. వండిన పసుపును ఎండలో పలచగా పరిచి, రోజూ తిరగేస్తూ, కొమ్ము విరిస్తే టప్పుమనేదాకా ఆరబెట్టాలి. ఏటా ఆ పని కళ్లంలో జరిగేది. ఈసారి కళ్లం నిండా మిగిలిన రాళ్ళు, గుల్ల సున్నం, పరంజా కర్రలు. నాగలక్ష్మమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని వచ్చి మొగుడి ముందు నిలబడింది.

"ఏమయ్యా, పసుపు యాడ పోసేది? నీ మీసం మీద పోద్దునా?"

"యాడన్నా పొయ్యి. మిద్దె మీద మాత్రం ఒక్క కొమ్ము కనపడగూడదు."

"ఎందుకు?"

"పైనుంచి చూసేవోనికి బురుజు నిబ్బరంగా కనపడాల. పక్కనే నీ పసుపు, మిరపకాయలు, నీ చిరిగిన గోనెలు కనపడితే పరువేంగాను?"

"చూసేవోడెవడు?"

"రష్యావోడు."

"రష్యావోనికి మనింటి పసుపుతో ఏం పని? కొంటాడా?"

మహానంది రెడ్డి కుడి మీసం మెలేశాడు. నాగలక్ష్మమ్మ దానికి ఎన్నడూ భయపడలేదు గానీ, బురుజు కింద మెడ వాల్చుకుని తిరుగుతున్న మనిషిని చూసి ఎందుకో ఊరుకుంది. పసుపు దొడ్లో, వసారాలో, ఎద్దుల గాటిపాటలో కుప్పలుగా పడింది. రోజులు గడిచేకొద్దీ కుప్పల లోపల ఆవిరి పట్టి ఒక ముక్కవాసన మొదలైంది. పసుపు వండటానికొచ్చిన గిడ్డమ్మ ఒక కొమ్ము విరిచి చూపించింది. లోపల మెత్తగా, నల్లగా ఉంది.

"ఇంకో రెండెండలు తగలకుంటే ఇది ఎరువేనమ్మా," అంది గిడ్డమ్మ.

సరిగ్గా అప్పుడే పుల్లయ్య మైదుకూరు నుంచి పళ్ళన్నీ బయటపెట్టుకుని వచ్చాడు.

"బావా! నీ సాక్షి దిగినాడు!"

"కుక్కా?" అన్నాడు మహానంది రెడ్డి, ఆకాశం వైపు చూస్తూ.

"కుక్క గాదు. మద్రాసు నించి ఎవరో చిన్న విమానం తెచ్చినారంట. కడపలో ఏరోడ్రోం కాడ ఉండాది. ఎక్కినోల్లను పెన్నేరు దాటిచ్చి, తిప్పి, మళ్ళా దించుతాండారు. మనిద్దరం పోదాం. నువ్వు చూద్దువు, నేను సాక్ష్యం చెప్తా."

తప్పించుకునే దారి లేదు. మర్నాడు తెల్లవారుతూనే మహానంది రెడ్డి కొత్త పంచె కట్టి, మీసానికి మామూలు కంటే ఎక్కువ ఆముదం పట్టించి, ఉరికంబం ఎక్కేవాడి గాంభీర్యంతో బండెక్కాడు. బండి మలుపు తిరిగేదాకా నాగలక్ష్మమ్మ గడపలో నిలబడింది. తిరగగానే కొంగు దోపింది.

"గిడ్డమ్మా, గంపలు తే. మిద్దె మీదికి."

కడపలో బస్సు దిగి, నడిచి, ఏరోడ్రోం చేరేసరికి మధ్యాహ్నం దాటింది, వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. చేలల్లో వేసిన పొడుగాటి బాట చివర విమానం నిలబడి ఉంది. మహానంది రెడ్డి అనుకున్నంత పెద్దది కాదు. పెళ్ళి పల్లకీకి రెక్కలు కట్టినట్టుంది. ముందర విసనకర్ర తిరగడం మొదలుపెట్టగానే పుల్లయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, నాకు మైదుకూరులో సరుకు దిగే పనుండాది. మర్చేపోయినా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే గ్యాపకమొచ్చింది. నువ్వు పో. నువ్వు ఏం చెప్తే అదే సాక్ష్యం. నీ మాట కాదనేవోడెవడు?"

అట్లా సాక్షి, ముద్దాయి, న్యాయాధిపతి ముగ్గురూ ఒకే మనిషిలో కూర్చుని విమానం ఎక్కారు.

నడిపే అతను మద్రాసు తెలుగు కుర్రవాడు. రెడ్డి నడుముకు పటకా బిగించి, నవ్వి, ఏదో లాగాడు. నేల పరుగెత్తింది. ఎద్దుల బండి రాళ్ళ మీద పోతే ఎంత ఎగురుతుందో విమానం అంత ఎగిరింది. ఉన్నట్టుండి ఆ కుదుపు ఆగిపోయింది. మహానంది రెడ్డి కళ్ళు గట్టిగా మూసుకుని, విమానం ఆగిపోయిందనుకుని, తెరిచాడు.

కింద భూమి లేదు. భూమి ఉండవలసిన చోట, దూరంగా, ఇంకేదో ఉంది.

మొదట ఆయనకు అర్థం కాలేదు. పుల్లయ్య ఒక జొన్నగింజ. ఏరోడ్రోం ఒక పలకముక్క. కడప ఊరంతా, ఆ దర్గా, ఆ బజార్లు, ఆయన ఇరవై ఏళ్ళుగా కోర్టు వాయిదాలకు తిరిగిన వీధులు, అన్నీ కలిపి ఒక చేటలో పట్టేటట్టున్నాయి. దక్షిణాన పాలకొండలు పడుకున్న ఎద్దుల మూపుల్లా ఉన్నాయి. తూర్పున లంకమల నల్లగా, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా పరుచుకుని ఉంది. మహానంది రెడ్డి నోరు తెరుచుకుంది. గాలి లోపలికి దూరినా మూయలేదు.

పెన్నేరు వచ్చింది. నీళ్ళు లేవు. తెల్లటి ఇసుక ఉతికి ఆరేసిన పంచెలా కొండల దాకా పరుచుకుని ఉంది. ఎడ్ల బండి మీద దాటేటప్పుడు ఆ ఇసుక ఎంత ఏడిపిస్తుందో ఆయనకు తెలుసు. చక్రాలు కూరుకుపోయి, ఎద్దులు మోకాళ్ళ మీద పడి, మనుషులు భుజం పెట్టి తోయాలి. ఇప్పుడు అది రెండు గుక్కల్లో కిందనుంచి జారిపోయింది. ఎంత పెద్దదో ఆయనకు అప్పుడే తెలిసింది. దాన్ని దాటడం ఎంత చిన్న పనో కూడా అప్పుడే తెలిసింది. రెండూ ఒకేసారి ఎట్లా తెలుస్తాయో ఆయనకు అర్థం కాలేదు.

పెన్నేరు దాటాక కాలువ కనిపించింది. సన్నని గీత. దానికి ఇటూ అటూ పచ్చదనం, తర్వాత అంతా ఎర్రటి, బూడిదరంగు నేల. చేలు అతుకుల బొంతలా ఉన్నాయి. తన తాత మొదలుపెట్టి, తన నాయన పెంచి, తాను ఇప్పటికీ కోర్టులో నడుపుతున్న గట్టు తగాదా ఆ బొంతలో ఎక్కడుందోనని వెతికాడు. గట్లు కూడా కనపడటం లేదు. అవతలి మనిషి చేనూ ఇవతలి మనిషి చేనూ ఒకే గుడ్డ. దేవుడు రోజూ చూసేది ఇదేనేమోనని తోచింది. వాయిదాలకు ఆ దేవుడు ఎన్నడూ ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది.

అప్పుడు తన పని గుర్తొచ్చి, ఊరి కోసం చూశాడు.

ఊళ్ళు ఉన్నాయి. ఒకటి కాదు, చాలా. అన్నీ ఒకటే రంగు. నేల మట్టి తెచ్చి గోడలు పెట్టారు, నేల చవుడు తెచ్చి మిద్దెల మీద పోశారు. నేలకూ ఊరికీ తేడా ఏముంటుంది? పుండు మానిన మచ్చల్లా నేలలో కలిసిపోయి ఉన్నాయి. ఇది ఖాజీపేటా? అది మైదుకూరా? తన ఊరేది? తన బురుజేది? మెడ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అద్దానికి ముక్కు ఆనించాడు. గుట్ట రంగు నేల మీద గుట్ట రంగు రాళ్ళు ఎక్కడ నిలబడి ఉన్నాయో, వాటిని పేర్చినవాడికే తెలియలేదు.

గుమాస్తా చెప్పింది నిజమే. పటంలో లేని ఊరు నేల మీద కూడా లేదు.

అప్పుడు కుర్రవాడు వెనక్కి తిరిగి, ఇంజను రొదలో కేకేశాడు. "అదిగో, ఆ పసుప్పచ్చ చూడండి! మధ్యాహ్నం నుంచి అదే గుర్తు పెట్టుకుని వెనక్కి తిప్పుతున్నాను! ఏ ఊరండీ అది?"

మహానంది రెడ్డి చూశాడు.

బూడిదరంగు దేశమంతటి మధ్యలో, ఒక్కచోట, పలకంత పసుప్పచ్చ. పొద్దు వాలే ఎండ దాని మీద పడి, అది నేల లోపల్నుంచి వెలుగుతున్నట్టుంది. కొండల నుంచి కొండల దాకా, పెన్నేటి ఇసుక నుంచి లంకమల దాకా, మనిషి చెయ్యి పడిందని చెప్పే గుర్తు ఏదన్నా ఉందంటే అదొక్కటే.

"అక్కడికి పోనియ్యి నాయనా!" అని అరిచాడు. "నీకు దణ్ణం పెడతా, దాని మీదికి పోనియ్యి!"

కుర్రవాడు నవ్వి, రెక్క వంచాడు. పసుప్పచ్చ పెద్దదవుతూ వచ్చింది. నలుచదరంగా తేలింది. మిద్దె. పక్కన కానుగచెట్టు. కళ్లంలో రాళ్ళకుప్ప. మిద్దె మీద చీమల్లా రెండు చుక్కలు కదులుతున్నాయి. ఒకటి నాగలక్ష్మమ్మ, ఒకటి గిడ్డమ్మ. పసుపు తిరగేస్తున్నారు. ఎవరూ తలెత్తి చూడలేదు. వాళ్ళకు పనుంది.

పడమటి మూలలో తిరగలి రాయంత గుండ్రం ఒకటి కనిపించింది. అదీ బురుజు. దాని ఎత్తంతా ఏమైపోయిందో తెలియలేదు. ఎత్తు నుంచి చూసేవాడికి ఎత్తు కనపడదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అయితే దానికి సంబంధించింది ఒకటి స్పష్టంగా కనపడింది. దాని నీడ. వాలిన పొద్దుకు అది మిద్దె మీద పొడుగ్గా, నల్లగా, ఆ పసుపుకు అడ్డంగా పడి ఉంది. అంత వెలుగులో అదొక్కటే మచ్చ.

"రాళ్ళకుంట," అన్నాడు మహానంది రెడ్డి మెల్లగా.

"ఏమిటీ?"

"రాళ్ళకుంట! ఊరి పేరు!"

"రాళ్ళకుంట," అన్నాడు కుర్రవాడు, గుర్తు పెట్టుకునేవాడిలా తలాడిస్తూ. విమానం వెనక్కి తిరిగింది.

దిగినాక మహానంది రెడ్డి తిన్నగా సత్రం దారి పట్టాడు. పుల్లయ్య చుట్టూ తిరిగాడు. "కనపడిందా బావా? కనపడిందా?" కడపలో సత్రంలో పడుకున్నప్పుడూ అడిగాడు, తెల్లారి బస్సులోనూ అడిగాడు. బావ కిటికీలోంచి గట్లను చూస్తూ కూర్చున్నాడు. ప్రతి గట్టునూ మొదటిసారి చూసినట్టు చూశాడు.

ఊళ్ళోకి రాగానే ఇంటికి పోలేదు. తిన్నగా సుంకన్న చావిడి ముందు పీట మీద కూర్చుని, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కానీ సుంకన్నా."

సుంకన్న కత్తి నూరుతున్నవాడు ఆగిపోయాడు. "గడ్డమా రెడ్డీ?"

"మీసం."

ఊరు పోగైంది. అయివారు బడి వదిలేసి వచ్చాడు. సుంకన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నా చెయ్యి రాదు రెడ్డీ. మా నాయన నీకు మొదటి గీత దిద్దినాడు."

పుల్లయ్య బావ పక్కన చతికిలబడ్డాడు. గెలిచినవాడి మొహం కాదు అది. "బావా, వద్దు. నేను ఆటకన్నా. ఈడ నువ్వు తప్ప ఎవరు చూసినారు? కనపడిందని చెప్తే పోయె గదా!"

"నీడ కనపడింది."

"చూసినావా! నీడ కనపడితే బురుజు కనపడినట్టే! అయివారూ, చెప్పండి మీరు!"

అయివారు నోరు తెరవబోయాడు. మహానంది రెడ్డి చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు పైకి రాలేదు పుల్లయ్యా. వచ్చుంటే తెలిసేది. ఇంతే ఉండాది," అని బొటనవేలి గోరు చూపించాడు. "మన ఊరు, మన కాలువ, నా వ్యాజ్యం, నీ మైదుకూరు, అన్నీ కలిపి. దాంట్లో ఇంకా అబద్ధం పెట్టేదానికి చోటు యాడుండాది?"

ఆయన ఆ మాట చెప్పిన తీరుకే కొందరికి తల తిరిగి, పడిపోతామేమోనని పక్కవాడి భుజం పట్టుకున్నారు. సుంకన్న కళ్ళు తుడుచుకుని, దేవుడికి దణ్ణం పెట్టి, మొదలుపెట్టాడు.

కాసేపటికి శ్రీనివాసులు అయివారు ఉండబట్టలేక అడిగాడు. "మహానందప్పా, మరి ఆ చీనా గోడ మాటేంది? కనపడతాదంటావా?"

మహానంది రెడ్డి నురగ మొహంతోనే ఆలోచించాడు. "ఆ గోడ దేంతో కట్టినారు అయివారూ?"

"ఆ దేశపు రాయి, ఆ దేశపు మట్టి."

"అయితే అది కూడా ఆ నేల మాదిరే ఉంటాది. నేనెక్కిన ఎత్తుకే మన బురుజు నేలలో కలిసిపోయింది. ఇంక చంద్రుడి మీద నించి దాన్నెవరు పోల్చుకుంటారు? వాండ్లు కూడా దానిమీద పసుపు ఆరబోసుంటే చెప్పలేను."

అయివారు ఆ పూట బడిలో పిల్లలకు ఆ సంగతి చెప్పలేదు. చంద్రుడి మీదికి ఎవడన్నా పోయి చూసొచ్చేదాకా ఆగడం మంచిదనుకున్నాడు.

ఇంటి మిద్దె మీద నాగలక్ష్మమ్మ గబగబా పసుపు గంపకెత్తుతోంది. మొగుడు వచ్చేలోగా తీసేయాలని ఆమె ఆత్రం. నిచ్చెన మీద అలికిడైతే తిరిగి చూసింది. పైకి ఒక తల వచ్చింది. బోసి మూతి, బిత్తర చూపు.

"ఎవరప్పా నువ్వు? చెప్పకుండా మిద్దెక్కుతాండావే!"

"నేనేమే. నీ మొగుణ్ణి."

నాగలక్ష్మమ్మ గంప వదిలేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ పసుపు మీదనే కూలబడింది. గిడ్డమ్మ మర్యాద కోసం బురుజు గోడవైపు తిరిగి నవ్వింది. చాలాసేపటికి నాగలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకుని, "తీసేస్తాండాలే పసుపు. కొంచెం ఓర్చుకో. కుప్పలో ఉంటే కుళ్ళిపోతాందని..." అంది.

"తియ్యద్దు."

ఆయన వంగి పడమటి వైపు నుంచి ఒక కొమ్ము తీసి విరిచాడు. మెత్తగా వంగింది. తూర్పువైపు ఒకటి విరిచాడు. టప్పుమంది.

"సాయంత్రం ఈ పక్క నీడ పడతాంది. ఎండ చాలడం లేదు. ఇదంతా అటు జరపాల."

"నీకెట్ల తెలుసు? నువ్వు కడపలో ఉంటివి గదా!"

"పైనించి చూసినా."

నాగలక్ష్మమ్మ నవ్వు మానేసి ఆయన మొహం వంక చూసింది. మీసం లేని ఆ మొహంలో పెళ్ళినాటి పిల్లగాడు కనిపించాడేమో, తల దించుకుంది. "ఏం కనపడింది?" అని నెమ్మదిగా అడిగింది.

ఆయన చేతులు రెండూ చాచాడు. ఇంత అని చూపించబోయి, చాలక, ఇంకా చాచాడు. చివరికి చేతులు దించేశాడు. "కొండలుండాయి. పెన్నేరుండాది. ఇంకేమీ లేదు. మన పసుపుండాది. ఆ విమానమోడు దీన్ని చూసే దారి పట్టుకుంటాండాడు."

"అయ్యో," అంది నాగలక్ష్మమ్మ. "అట్లయితే వానికి దోసెడు ఇయ్యకపోయినావా!"

పసుపు ఎండి, మైదుకూరు పోయినాక, మహానంది రెడ్డి దాసన్నను పిలిపించాడు. బురుజును మిద్దె ఎత్తుకు దించమన్నాడు. దాసన్న కారణం అడగలేదు. రెడ్ల పౌరుషాలు కట్టినవాడికి విప్పడం కష్టం కాదు. ఆ రాళ్ళను చదును చేసి కళ్లం నిండా పరిచారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అంత గట్టి కళ్లం లేదు. కింద తేమ రాదు, పైన నీడ పడదు. ఖాజీపేటవాళ్ళు దాన్ని కూడా ఆగి చూసి పోయారు. తలెత్తాల్సిన పని లేకపోవడంతో తలపాగాలు పడలేదు.

మీసం మళ్ళీ పెరిగింది. దాని కొసలు ఈసారి కిందికే ఉండేవి. గట్టు వ్యాజ్యంలో తర్వాతి వాయిదాకు ఆయన పోలేదు. అవతలివాడూ పోలేదు. ఎందుకు పోలేదని ఒకరినొకరు అడగలేదు.

పై ఏడు పసుపు వండి కొత్త కళ్లంలో పరుస్తున్నప్పుడు, ఎక్కడో ఎత్తున విమానం రొద వినిపించింది. పనిలో ఉన్నవాళ్ళందరూ తలెత్తి చూశారు. మహానంది రెడ్డి మాత్రం తలెత్తలేదు. గబగబా ఈశాన్యపు మూలకు పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో కొమ్ములు సర్దడం మొదలుపెట్టాడు.

"ఈడ పలచనైంది. గిడ్డమ్మా, ఇంకో గంప తే. బిరీన తేమ్మా, ఆ పిల్లోడు దారి తప్పుతాడు!"